బడి ముందు ఎకరం స్థలం, పిల్లలకు దక్కేది రెండడుగుల నీడ

పోయిన జూలైలో ఒకరోజు అన్నం బెల్లు వేళకు మా మండలంలోని ఒక బడిలో ఉన్నాను. అనంతపురం జిల్లాలో ఇలాంటి బళ్లు చాలా ఉన్నాయి కాబట్టి పేరు అవసరం లేదు. నూటయాభై మంది దాకా పిల్లలు. ముందు ఎకరానికి పైగా ఖాళీ స్థలం. దాని నడుమ దాతలెవరో ఇచ్చిన ఇనుప జారుడుబండ, రెండు ఊయలలు. అన్నం తిన్న పిల్లలంతా గోడవారగా ఒకరినొకరు ఆనుకుని కూర్చున్నారు. ఒక పిల్లవాడు మాత్రం జారుడుబండ దాకా పరిగెత్తాడు. దాని మీద చెయ్యి పెట్టి చూసి, చటుక్కున తీసేసి, వచ్చిన దారినే వెనక్కి వచ్చేశాడు.

"ఈ కాలం పిల్లలకు ఆటల మీద ఆసక్తి లేదండీ, అంతా ఫోన్లే" అన్నారు అక్కడి టీచరు ఒకరు.

ఆ మాట ఒప్పుకోవడం నా వల్ల కాలేదు. పిల్లలు కూర్చున్న చోటు చూడండి. గోడ నీడ ఎంతవరకు ఉందో అంతవరకే ఉన్నారు. నీడ అంచు దాటి ఒక్కరు లేరు. వాళ్లకు ఆసక్తి ఉంది, ఆడుకునే చోటే లేదు. ఎకరం స్థలం లెక్కల్లో ఉంది, వాడకంలో ఉన్నది రెండడుగులు.

రెండడుగులు అని ఊరికే అనలేదు. అనంతపురం 14.7 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. ఏప్రిల్ నెలాఖరు నుంచి ఆగస్టు రెండో వారం దాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నడినెత్తికి కాస్త ఉత్తరంగా ఉంటాడు, నీడ దక్షిణం వైపు పడుతుంది. జూన్, జూలైలలో నాలుగు మీటర్ల ఎత్తున్న గోడకు ఆ వేళ పడే నీడ సుమారు రెండడుగులే. అదే గోడకు డిసెంబరులో నీడ ఉత్తరం వైపు పడుతుంది, మూడు మీటర్ల వెడల్పు ఉంటుంది. బడి తెరిచిన కొత్తలో, ఎండ ఇంకా తగ్గని రోజుల్లో, కట్టడం ఇచ్చే నీడ ఏడాది మొత్తంలో అతి తక్కువ. మిగతా చిక్కులన్నీ దీని చుట్టూనే అల్లుకుని ఉన్నాయి.

విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది, 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. బడికి ఏమేం ఉండాలో దాని అనుబంధంలో ఒక జాబితా ఉంది. తాగునీరు, ఆడపిల్లలకు, మగపిల్లలకు వేరువేరు మరుగుదొడ్లు, వంటగది, ప్రహరీ లేదా కంచె, ఆటస్థలం. ఆటస్థలం ఉండాలన్నారు గానీ అది ఎలా ఉండాలో చెప్పలేదు. బోసి నేల ఉన్నా ఆ గడిలో టిక్కు పడిపోతుంది. మన రాష్ట్రంలో 2019 నవంబరు 14న మొదలైన నాడు-నేడు తొలి విడతలో 15,715 బళ్లు బాగుపడ్డాయి. మరుగుదొడ్లు, ఫ్యాన్లు, బల్లలు, రంగులు, ప్రహరీలు వచ్చాయి. అవన్నీ కావాల్సినవే, మరుగుదొడ్డి లేక బడి మానేసిన ఆడపిల్లల సంగతి తెలిసిన వాళ్లెవరూ వాటిని తక్కువ చేయరు. కానీ ఆవరణలో నీడ అన్నది ఆ జాబితాలో విడి పనిగా లేదు. గదిని కొలవొచ్చు, బిల్లు పెట్టొచ్చు, ఫొటో తీయొచ్చు. నీడ అలా కాదు. ఐదారేళ్లకు గానీ రాదు, అప్పటికి హెడ్మాస్టరు మారిపోయి ఉంటారు, ఇంజనీరూ మారిపోయి ఉంటారు. పైగా అదనపు గది అవసరమైన ప్రతిసారీ కోతపడేది ఈ ఖాళీ స్థలమే. ఆవరణ అంటే కట్టడం పోగా మిగిలిన నేల అనే అలవాటు మనలో పాతుకుపోయింది.

ఇంతకీ బయట గడపడం పిల్లలకు అంత అవసరమా? ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకు సగటున 60 నిమిషాలు ఒంటికి చెమట పట్టేలా కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. అది అందరూ ఒప్పుకునేదే. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది కళ్ల సంగతి. చైనాలోని గ్వాంగ్జౌలో ఒకటో తరగతి పిల్లల మీద మూడేళ్లపాటు పరిశోధన చేశారు, ఫలితాలు 2015లో వచ్చాయి. కొన్ని బళ్లలో రోజూ అదనంగా 40 నిమిషాలు పిల్లల్ని ఆరుబయట గడపనిచ్చారు, మిగతా బళ్లను ఎప్పటిలాగే నడవనిచ్చారు. మూడేళ్లకు మామూలు బళ్లలో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి, అంటే దూరపువి మసకగా కనిపించే దోషం, వచ్చింది, బయట గడిపిన బళ్లలో 30.4 శాతం మందికి. మందు లేదు, మాకు లేదు, బయటి వెలుతురు మాత్రమే. ఆ వెలుతురుకు కంటిలోపల డోపమైన్ అనే రసాయనం విడుదలై కనుగుడ్డు అతిగా సాగిపోకుండా ఆపుతుందని ఎక్కువమంది పరిశోధకుల అభిప్రాయం. దీనికోసం పిల్లల్ని ఎండలో నిలబెట్టనక్కర్లేదు. చెట్టు నీడలో కూడా తరగతి గదిలో కంటే ఎన్నో రెట్లు వెలుతురు ఉంటుంది. కంటికి కావాల్సిన వెలుతురు, ఒంటికి కావాల్సిన చలువ రెండూ ఒకేచోట దొరికేది చెట్టు కిందనే.

రేకుల షెడ్డు వేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. త్వరగా వస్తుంది, బిల్లు అవుతుంది. కానీ ఏప్రిల్లో పది గంటలకు రేకుల షెడ్డు కింద, వేపచెట్టు కింద ఒక్కో ఐదు నిమిషాలు కూర్చుని చూడండి. థర్మామీటరు పెడితే గాలి వేడిలో పెద్ద తేడా కనిపించకపోవచ్చు. ఒంటికి మాత్రం తెలిసిపోతుంది. మనకు తగిలే వేడి గాలి నుంచే రాదు. సూర్యుడి నుంచి, కాలిన నేల నుంచి, తలమీద కాగుతున్న రేకు నుంచి కూడా సెగ తగులుతుంది. ఆకు తన లోపలి నీటిని ఆవిరి చేసుకుంటూ ఉంటుంది కాబట్టి రేకులా కాగదు, కింద ఉన్నవాళ్ల మీద సెగ కక్కదు. సిమెంటు నేల, నాపరాళ్లు కూడా రేకులాంటివే. ఊడ్చడానికి వీలుగా ఉంటుందని ఆవరణంతా సిమెంటు చేయిస్తే శుభ్రంగా కనిపిస్తుంది గానీ, పెద్ద పెనం పరిచినట్టే. వాన నీళ్లు కూడా నేలలోకి దిగవు.

మరి చెట్లు నాటడం లేదా అంటే, ఏటా నాటుతూనే ఉన్నాం. బతకడం లేదు. ఎందుకు బతకడం లేదన్నదే అసలు ముడి, దాన్ని నిదానంగా విప్పుకోవాలి.

మొదటిది వేళ. వనమహోత్సవం జూలై మొదటి వారంలో చేస్తాం. 1950లో కేంద్ర మంత్రి కె.ఎం. మున్షీ మొదలుపెట్టిన ఈ పద్ధతి దేశంలో చాలాచోట్లకు సరిగ్గా సరిపోతుంది, ఆ నెలలో అక్కడ వానలు దంచికొడతాయి. అనంతపురం అలా కాదు. పడమటి కనుమల చాటున ఉన్న నేల ఇది. నైరుతి మేఘం మన దగ్గరికి వచ్చేసరికి వట్టిపోయి ఉంటుంది. ఏడాదికి పడే సుమారు 550 మిల్లీమీటర్లలో సెప్టెంబరు వాటా అన్ని నెలల కంటే ఎక్కువ, అక్టోబరులోనూ పడుతుంది. జూలైలో నాటిన మొక్క రెండు నెలలు ఆకాశం వైపు చూస్తూ ఉండాలి. జూలైలో గుంతలు తీసి పశువుల ఎరువు వేసి ఉంచుకుని, ఆగస్టు చివర మంచి వాన పడ్డాక నాటితే అదే మొక్కకు రెండు నెలల తడి దొరుకుతుంది. రైతును అడిగితే ఇదే చెబుతాడు.

రెండోది, ఏ చెట్టు? అందం కోసం చాలా బళ్లలో తురాయి, అంటే గుల్‌మొహర్, నాటుతున్నారు. పువ్వులు చూడముచ్చటగా ఉంటాయి, కాదనను. కానీ మార్చిలో, ఏప్రిల్లో అది ఆకు రాల్చి పుల్లల్లా నిలబడుతుంది. ఒంటిపూట బడులు మార్చి మధ్యలో మొదలవుతాయి, అంటే నీడ అత్యవసరమైన వేళకు అది చెయ్యిచ్చేస్తుంది. వేప సంగతి చూడండి. ఉగాది పచ్చడికి వేపపువ్వు కోసుకొచ్చే రోజు గుర్తు తెచ్చుకోండి, చెట్టంతా లేత ఆకుతో నిండి ఉంటుంది. కానుగ కూడా అంతే, ఎండలు ముదిరే వేళకు కొత్త చిగురు వేసి దట్టంగా నీడనిస్తుంది. దాన్ని మేకలు అంత ఇష్టంగా మేయవు, అదొక మేలు. చింత నిదానంగా పెరుగుతుంది గానీ మనవళ్ల కాలం దాకా నిలుస్తుంది. మర్రి, జువ్వి లావుపాటి కొమ్మ నాటినా పట్టుకుంటాయి. వాటిని కట్టడానికి దూరంగా, స్థలం మూలన పెట్టాలి. 1989లో గిన్నిస్ బుక్కుకెక్కిన తిమ్మమ్మ మర్రిమాను ఉన్నది కదిరి దగ్గరే. సుమారు ఐదెకరాలు పరుచుకున్న చెట్టు ఈ ఎర్రనేల మీద, ఈ కొద్దిపాటి వానతోనే పెరిగింది.

మూడోది ఎక్కడ నాటాలన్నది. మొక్కలు సాధారణంగా ప్రహరీ వెంబడి వరసగా నాటుతారు. చూడ్డానికి వరస బాగుంటుంది, నీడేమో సగం రోజు రోడ్డు మీద పడుతుంది. ఒంటిపూట బడి ఉదయం 7:45 నుంచి మధ్యాహ్నం 12:30 దాకా. ఆ వేళంతా సూర్యుడు తూర్పున ఉంటాడు, నీడ పడమటికి పడుతుంది. కాబట్టి ఆటస్థలానికి తూర్పు అంచున రెండు మూడు చెట్లు ఉండాలి. మామూలు రోజుల్లో అన్నం బెల్లు తర్వాత, సాయంత్రం ఆటలప్పుడు పడమటి ఎండ వస్తుంది, కాబట్టి పడమటి అంచున మరికొన్ని. దీనికి నిపుణులు రానక్కర్లేదు. పొద్దున తొమ్మిదికి, మధ్యాహ్నం పన్నెండున్నరకు, సాయంత్రం మూడున్నరకు నీడ అంచు వెంబడి పిల్లల చేత ముగ్గుపిండి పోయించండి. నెలకోసారి అలా చేస్తే ఏడాదికల్లా ఆ బడికి సొంత నీడ పటం తయారవుతుంది. అందులో లెక్కలు, భూగోళం రెండూ ఉన్నాయి.

ఇక నీళ్లు. "తాగడానికే నీళ్లు లేవు, చెట్లకు ఎక్కడ తెస్తాం?" అనే మాట మన సీమలో తేలిగ్గా తీసిపారేయాల్సినది కాదు. అందుకే లెక్క వేసి చూద్దాం. నూటయాభై మంది పిల్లలు అన్నం తిని చేతులు, కంచాలు కడుక్కుంటారు. మనిషికి లీటరున్నర అనుకున్నా రోజుకు 225 లీటర్లు. ఇప్పుడవి ఎటు పోతున్నాయి? కుళాయిల వెనక బురదై, దోమలై పోతున్నాయి. పదిహేను మొక్కలకు మూడు రోజులకోసారి పదిహేను లీటర్లు పోయాలంటే రోజుకు సగటున 75 లీటర్లు చాలు. అంటే కంచాలు కడిగిన నీళ్లలో మూడో వంతుతో పని అయిపోతుంది. మెతుకులు, నూనె ఆగడానికి కంకర నింపిన చిన్న తొట్టి ఒకటి, అక్కడి నుంచి పాదుల దాకా ఒక కాలువ. అంతే ఖర్చు.

మిద్దె నీళ్లూ ఉన్నాయి. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. 200 చదరపు మీటర్ల మిద్దె మీద 20 మిల్లీమీటర్ల వాన ఒక్కటి పడితే 4,000 లీటర్లు. దానికి సంపు కట్టలేకపోయినా పరవాలేదు. చెట్ల వరసకు పక్కనే కందకం తీసి గొట్టం అటు తిప్పితే నేలే దాచుకుంటుంది.

అన్నిటికన్నా పెద్ద గండం వేసవి సెలవులు. ఏప్రిల్ 24 నుంచి జూన్ 11 దాకా, సరిగ్గా ఏడు వారాలు బడికి తాళం. ఏడాదంతా పిల్లలు పోసి పెంచిన మొక్క ఆ ఏడు వారాల్లో ఎండిపోతుంది. జూన్ 12న బడికొచ్చిన పిల్లవాడు ఎండిన కర్రను చూసి ఏమనుకుంటాడో ఎప్పుడైనా ఆలోచించామా? వాడి పేరు రాసి కట్టిన చీటీ కూడా దానికే వేలాడుతూ ఉంటుంది. అక్కడా లెక్క చిన్నదే. పదిహేను మొక్కలు, మూడు రోజులకోసారి, పదిహేను లీటర్ల చొప్పున ఏడు వారాలకు సుమారు 3,600 లీటర్లు. ఒక ట్యాంకరు నీళ్లు కూడా కాదు. ప్రతి మొక్క పక్కన ఒక మట్టికుండ మెడదాకా పూడ్చి, నీళ్లు నింపి మూత పెడితే గోడల గుండా కొద్దికొద్దిగా ఊరి వేళ్లకు అందుతుంది, ఆవిరై పోయేది తగ్గుతుంది. పాదులో శనక్కాయ పొట్టు మందంగా పరిస్తే తడి ఇంకా నిలుస్తుంది. ఆ పొట్టుకు మన జిల్లాలో కొదవ లేదు.

నీళ్లకంటే ఎక్కువ కొరవ మనిషిది. ఆ ఏడు వారాలు బడి గేటు తీసి నీళ్లు పోసేదెవరు? ఆయమ్మా? ఆమెకు సెలవుల్లో జీతం ఎవరిస్తారు? ఈ ప్రశ్నకు జవాబు రాయకుండా మొక్కలు నాటే ఏ పథకమైనా నాటిన రోజుకే సరి. ఉపాధి హామీ పథకం దేశంలోనే మొదటగా మొదలైంది మన జిల్లాలో, 2006 ఫిబ్రవరి 2న నార్పల మండలం బండ్లపల్లిలో. ఊళ్లలో రోడ్ల పక్కన నాటిన మొక్కలకు నీళ్లు పోసినందుకు కూలి ఇచ్చే పద్ధతి ఆ పనుల్లో చూశాం. బడి మొక్కలకూ అలా ఒక మనిషిని, రెండు వేసవుల పాటు, పేరు రాసి పెట్టాలి. మూడో వేసవికి వేప, కానుగ చాలావరకు వాటంతట అవే నిలదొక్కుకుంటాయి.

చెట్టు పెరిగేలోపు పిల్లలు ఆగరు కదా. అప్పటిదాకా కర్రలు పాతి గ్రీన్ నెట్టు కట్టొచ్చు. నర్సరీల వాళ్లు, కూరగాయల రైతులు వాడేదే. గాలికి చిరిగితే మళ్లీ కట్టుకోవాలి, అయినా రేకు కంటే నయం. జారుడుబండను, ఊయలలను కూడా దాని కిందికే జరపాలి.

నీడ వచ్చాక కింద ఏముండాలి? ఇక్కడ మనవాళ్ల మనసు వెంటనే రంగురంగుల ప్లాస్టిక్ ఆట వస్తువుల మీదికి పోతుంది. నా అభిప్రాయం వేరు. 1943లో డెన్మార్క్‌లోని ఎమ్‌డ్రుప్‌లో సి.టి. సోరెన్‌సెన్ అనే తోటల రూపకర్త ఆలోచనతో ఒక ఆటస్థలం మొదలైంది. తాను ఎంతో చక్కగా రూపొందించిన పార్కుల్లో కంటే పాత సామాన్ల మధ్య పిల్లలు ఎక్కువసేపు ఆడటం ఆయన గమనించాడు, అందుకే చెక్కలు, ఇటుకలు, మట్టి ఇచ్చి వదిలేశారు. 1971లో సైమన్ నికల్సన్ అనే ఆయన ఇదే విషయాన్ని సిద్ధాంతంగా రాశాడు. ఒకచోట కదిలించడానికి, మార్చడానికి వీలున్న వస్తువులు ఎన్ని ఎక్కువ ఉంటే పిల్లల ఊహ అంత ఎక్కువగా పనిచేస్తుందని. జారుడుబండ మీద జారడం తప్ప ఇంకేం చేయలేం. ఇసుక కుప్ప మీద అలా కాదు, పొద్దున కొండ, మధ్యాహ్నం చెరువు, సాయంత్రం తిరునాళ్ల అంగడి.

మనకు ఇవేవీ కొత్తవి కావు. గచ్చకాయలు, చింతపిక్కలు, ఏడు పెంకులు, బొంగరం, అన్నీ చేత్తో కదిలించుకునే వస్తువులే. నేలా బండా ఆటకు కావాల్సింది నేల, బండ. ఈ రెండూ మన జిల్లాలో దొరికినంతగా ఇంకెక్కడ దొరుకుతాయి? నడుమెత్తు దాటని నున్నటి గుండ్లు ఆరేడు తెచ్చి, సగం భూమిలో పాతితే ఎక్కడానికి, దూకడానికి, కూర్చుని పాఠం వినడానికి పనికొస్తాయి. చెట్టు కింద నాపరాళ్లు పరిచి బారాకట్ట, పులిజూదం గళ్లు చెక్కిస్తే ఎప్పటికీ చెరగవు. బడి కట్టడాన్నే బోధన సామగ్రిగా మలచవచ్చని కబీర్ వాజ్‌పేయి బృందం యూనిసెఫ్ సాయంతో తెచ్చిన ఆలోచన, బాలా అంటారు, సర్వశిక్షా అభియాన్ ద్వారా దేశమంతా తిరిగింది. మన దగ్గర అది గోడల మీద బొమ్మల దగ్గరే ఆగిపోయింది. నేల దాకా దాన్ని దించాలి.

ఆడపిల్లల మాట విడిగా చెప్పాలి. ఖాళీ స్థలం అంతా ఒక్కటిగా ఉంటే క్రికెట్ బ్యాటు ఉన్న పదిమంది మగపిల్లలు దాన్ని మొత్తం ఆక్రమిస్తారు. ఎవరూ ఎవరినీ వెళ్లగొట్టరు, బంతి తగులుతుందని మిగతావాళ్లే గోడ దగ్గరికి జరుగుతారు. ఆరో తరగతి దాటిన ఆడపిల్లలైతే వరండా దిగరు. ఆస్ట్రియా రాజధాని వియన్నాలో ఇదే గమనించారు. తొమ్మిదేళ్లు దాటాక ఆడపిల్లలు పార్కులకు రావడం తగ్గిపోతోందని తేలితే, 1999లో రెండు పార్కులను మార్చి చూశారు. పెద్ద మైదానాన్ని చిన్న చిన్న భాగాలుగా విడదీశారు, దారులు వేశారు, వాలీబాల్, బ్యాడ్మింటన్‌కు చోటిచ్చారు. ఆడపిల్లలు తిరిగి వచ్చారు. మనకు రెండు వరసల చెట్లు, నడుమెత్తు గుండ్లు ఆ విభజన చేసిపెడతాయి. ఒక భాగం క్రికెట్‌కు, ఒక భాగం ఖోఖోకు, తొక్కుడుబిళ్లకు, ఒక మూల ఊరికే కూర్చుని మాట్లాడుకోవడానికి. మాట్లాడుకునే మూల కూడా ఆటస్థలమే, అది లెక్కలోకి రావాలి.

ఇలాంటి ఆవరణలో చదువు ఎంత జరుగుతుందో చెప్పడానికి ఒక్క ఉదాహరణ చాలు. ఏటా ఆగస్టు 12 దరిదాపుల్లో, మధ్యాహ్నం 12:25 ప్రాంతంలో, అనంతపురంలో నిటారుగా నిలబెట్టిన కర్రకు నీడ ఉండదు. సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఇలాంటి రోజులు ఏడాదికి రెండే, రెండోది ఏప్రిల్ 30 ప్రాంతంలో, అప్పుడు సెలవులు. ఆగస్టులోది బడి రోజు. మబ్బు లేకపోతే ఒక కర్ర, ఒక చుట్టూరా గీసిన గీత, నలభై మంది పిల్లలు. భూమి వంపు గురించి పుస్తకంలోని రెండు పేజీలు వాళ్ల కాళ్ల దగ్గరే కనిపిస్తాయి. పక్కనే ఒక సీసా కోసి వానకొలత పెడితే, ఊళ్లో రైతులు "నిన్న ఎంత పడింది?" అని పిల్లల్ని అడిగే రోజు వస్తుంది.

భయాలూ ఉన్నాయి, వాటిని కొట్టిపారేయలేం. పాము, తేలు మన దగ్గర ఊహ కాదు, నిజం. రాళ్లు కుప్ప పోయకూడదు, సందు లేకుండా పాతాలి. పొదలు పెంచకూడదు, చెట్లకు కింది కొమ్మలు నరికి మానును మనిషెత్తు దాకా ఖాళీగా ఉంచాలి, రాలిన ఆకును ఒకే గుంతలో వేసి దూరంగా ఉంచాలి. పిల్లవాడు పడితే తల్లిదండ్రులు నిలదీస్తారన్న టెన్షన్ ప్రతి హెడ్మాస్టరుకూ ఉంటుంది. గుండ్ల కింద అడుగు మందాన ఇసుక పోస్తే దెబ్బ తీవ్రత తగ్గుతుంది. ఇక రాత్రిళ్లు ఆవరణలో సీసాలు పగలగొట్టే వాళ్ల సంగతి. దానికి ఎత్తైన గోడ ఒక్కటే సరిపోదని చాలా ఊళ్లలో తేలిపోయింది. సాయంత్రాలు ఊరి పిల్లలకు, ముసలివాళ్లకు గేటు తెరిచి ఉంచిన బళ్లలో ఆ బెడద తక్కువగా ఉండటం నేను చూశాను. నలుగురు కూర్చునే చోట సీసా పగలగొట్టడానికి జంకుతారు.

ఆట కోసం టైమ్ టేబుల్లో చోటు ఎలాగూ ఉంది, గేమ్స్ పీరియడ్‌ను లెక్కల సారుకు ఇచ్చేయకుండా ఉంటే చాలు. ఫిన్లాండ్‌లో సాధారణంగా 45 నిమిషాల పాఠం తర్వాత 15 నిమిషాలు పిల్లలు బయట ఉంటారు, చలికాలంలో కూడా. చదువులో వాళ్లేమీ వెనకబడలేదు.

విద్యాహక్కు చట్టం ప్రకారం బడి యాజమాన్య కమిటీలో నాలుగింట మూడొంతులు తల్లిదండ్రులే ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు. ఆ కమిటీ మీటింగుకు వచ్చి సంతకం పెట్టి వెళ్లిపోయే తండ్రుల్లో చీనీ, అంటే బత్తాయి, తోట ఉన్నవాళ్లు ఉంటారు. బోరు అడుగంటిన ఏడాది కూడా ఏ చెట్టుకు ఎన్ని నీళ్లు, ఎప్పుడు, డ్రిప్పు చుక్క మొదలుకు ఎంత దూరంగా పడాలి అన్నది వాళ్లకు తెలిసినంతగా ఏ శాఖకూ తెలియదు. పాత డ్రిప్పు పైపుల చుట్టలు వాళ్ల కొట్టాల్లో పడే ఉంటాయి. నేను చూసిన ఆ బడిలో మొన్న ఫిబ్రవరి మీటింగులో ఒకాయనను ఈ మాట అడిగాం. "ఇన్నేళ్లలో నన్ను ఈ సంగతి ఎవరూ అడగలేదు కదయ్యా" అన్నాడు. మరుసటి ఆదివారం ట్రాక్టరులో రెండు పైపు చుట్టలు, నాలుగు సంచుల శనక్కాయ పొట్టు తెచ్చి దింపాడు. కానుగ మొక్కలు పన్నెండు ఉన్నాయి ఇప్పుడు, అన్నీ తూర్పు, పడమర అంచుల్లోనే. ఏప్రిల్ 24 నుంచి ఎవరు ఏ వారం నీళ్లు వదలాలో ఏడు పేర్లు ఆఫీసు గది తలుపు మీద చాక్‌పీసుతో రాసి ఉన్నాయి.